పాల్ ముని నటజీవితము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



ఇట్టి సభలలో క్రమశిక్షణను గూర్చియో, పరీక్షా ఫలితములను గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఈ యేడు మేము ఒక నటుని గూర్చి మాటలాడదలచితిమి. అందునను అమెరికా దేశపు నటుని గూర్చి. బడిలో సినిమా ముచ్చట యేల అని పెద్దలకు కొందరికి తోచవచ్చును. కడవరకు ఆలకించినచో ఆ సందేహము తీరునని మా నమ్మకము.

చిత్తూరు నాగయ్యగారి పేరు ఎరుగని తెలుగు కుటుంబము అరుదు. 1940ల దశాబ్దిలో వారు పోతనగా, త్యాగయ్యగా, వేమనగా తెరపై కనిపించిరి. 'త్యాగయ్య' 1946లోను, 'యోగి వేమన' 1947లోను వెలువడినవి. తమిళదేశమున తిరువయ్యారులో నివసించుచు తెలుగున కృతులు రచించిన త్యాగరాజస్వామి వంటి మహనీయుని పాత్రను ధరించుట సామాన్యము గాదు. నాగయ్యగారి నటనను మెచ్చుకొని 'ఫిల్మ్ ఇండియా' పత్రికా సంపాదకుడు బాబూరావు పటేలు వారిని 'భారతదేశపు పాల్ ముని' అని కొనియాడెను. ఆ మాటను మనవారు గర్వముతో చెప్పుకొనుచు వచ్చిరి. కాని ఆ పాల్ ముని యెవరో, ఏమి సాధించెనో విచారించినవారు తక్కువ. పేరు విన్న మా ఎనిమిదవ తరగతి బాలుడొకడు 'ఆయన ఏ అడవిలో తపస్సు చేశాడండీ?' అని అడిగెను. తపస్సు చేసిన మాట నిజమే. కాని అడవిలో గాదు, రంగస్థలముపై.

1895వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోని లెంబర్గు నగరమున ఒక యూదుల కుటుంబమందు ఈయన జన్మించెను. ఆ నగరమే నేడు ఉక్రెయిన్ దేశములోని ల్వీవ్. వారి యింటిపేరు వైజన్‌ఫ్రాయిండ్. బిడ్డకు పెట్టిన పేరు మెషిలెమ్ మాయిర్. అంత పేరుతో పిలుచుట కష్టము గనుక ఇంటివారు 'మూనీ' అని ముద్దుగా పిలిచిరి. ఆ ముద్దుపేరే తరువాత లోకమెరిగిన ముని యైనది. తల్లియు తండ్రియు ఊరూర తిరుగు నాటక సమాజములలో నటులు. బాలుడు ఆరేడేండ్ల ప్రాయమున నుండగా ఆ కుటుంబము అమెరికాకు వలస వచ్చెను.

వారి యింటి భాష యిద్దిష్. దీనిని గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరము. జర్మను మూలముగా, హీబ్రూ, స్లావు భాషల పదములు కలుపుకొని, హీబ్రూ లిపిలో వ్రాయబడు భాష యిది. తూర్పు ఐరోపా యూదులకు ఇదియే తల్లిభాష. కాని ఏ దేశమునకును రాజభాష గాదు. దీనిని చెడిపోయిన జర్మనుగా ఎంచి తక్కువ చేసిన చదువరులు యూదులలోనే పెక్కండ్రుండిరి. అట్టి భాషలో 1876లో రుమేనియాలోని యాషి పట్టణమున అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ అను కవి వృత్తి నాటకసమాజమును నెలకొల్పెను. వలసవారితో పాటు ఆ నాటకము 1880ల తొలి భాగమున న్యూయార్కు చేరెను. పగలంతయు కుట్టుపనివారుగా, చిల్లర వర్తకులుగా శ్రమించినవారు రాత్రి కాగానే నాటకశాలలకు పోయి తమ భాష వినెడివారు. న్యూయార్కులోని రెండవ అవెన్యూ అను వీధి ఇట్టి నాటకశాలలకు పేరు గన్నది.

ముని తండ్రి షికాగోలో నాటకశాల నడపెను. మన సురభి కుటుంబముల బిడ్డలకు వలె ఆ బాలునకు నాటకశాలయే ఇల్లు, అదియే బడి. పన్నెండవ యేట ఆయన తొలిసారి వేషము కట్టెను. ఆ వేషము ఎవరిదనుకొన్నారు? ఎనుబదియేండ్ల ముదుసలిది! మీసము మొలవని బాలుడు గడ్డము అతికించుకొని, నడుము వంచి, గొంతు వణకించి, ముదుసలియై నిలువగా చూచినవారు నమ్మిరి. అది మొదలు ముసలి వేషములన్నియు ఆయన పాలబడెను. ముఖమునకు రంగులద్దుట, ముడుతలు తీర్చుట, నడక మార్చుట మున్నగు విద్యలన్నియు ఆయన తల్లిదండ్రుల నాటకశాలలోనే నేర్చెను.

1918లో మారిస్ ష్వార్ట్జ్ అను నటుడు న్యూయార్కున యిద్దిష్ ఆర్ట్ థియేటరును స్థాపించెను. వినోదము మాత్రమే గాక మంచి సాహిత్యమును రంగమెక్కించవలెనని ఆ సంస్థ సంకల్పము. యిద్దిష్ రచయితల నాటకములతో బాటు ఐరోపాలోని ఇతర భాషల నాటకములును అచట అనువాదమై ప్రదర్శింపబడెడివి. ముని స్థాపన జరిగిన కొలది కాలమునకే అందు చేరి, యిద్దిష్ నాటకరంగపు ఉత్తమ నటులలో ఒకడుగా పేరు గాంచెను. 1921లో అదే రంగమునకు చెందిన నటి బెల్లా ఫింకెల్‌ను వివాహమాడెను. ఆమె కడవరకు ఆయనకు సహధర్మచారిణియే గాక నిష్కర్షయైన విమర్శకురాలుగ గూడ నుండెను.

1926లో ఆయన జీవితము మలుపు తిరిగెను. 'వుయ్ అమెరికన్స్' అను ఇంగ్లీషు నాటకమున ఒక వృద్ధ యూదుని పాత్రకు ఆయనను పిలిచిరి. వలస వచ్చిన తల్లిదండ్రులకును, ఆ దేశముననే పెరిగిన బిడ్డలకును నడుమ ఏర్పడిన దూరమే ఆ నాటక వస్తువు. ఇంగ్లీషు రంగస్థలముపై ఆయన నోరు విప్పుట అదియే ప్రథమము. అప్పటికాయనకు 31 సంవత్సరములు. అంతవరకు ఇంచుమించు పదునెనిమిదేండ్ల నటజీవితమంతయు తల్లిభాషలోనే గడచెను.

ఇచట ఒక క్షణము ఆగి ఆలోచింపుడు. మన నాట్యశాస్త్రము అభినయమును నాలుగు విధములుగా విభజించినది: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. అంగముల కదలిక ఆంగికము, మాట వాచికము, వేషధారణ ఆహార్యము, లోపలి భావము వెలికి వచ్చుట సాత్త్వికము. యిద్దిష్ రంగమునుండి ఇంగ్లీషు రంగమునకు పోయినపుడు ముని మార్చుకొనవలసి వచ్చినది ఈ నాల్గింటిలో ఒక్క వాచికమును మాత్రమే. తక్కిన మూడును తల్లిభాష వారి నాటకశాలలో ఆయన సంపాదించుకొన్న ఆస్తి. ఆ ఆస్తిని పెట్టెలో పెట్టుకొని పోయినట్లు వెంట తీసికొనిపోయెను. వాచికమునందైనను ఉచ్చారణ మారెనే గాని, వాక్యమును ఎచట నిలుపవలెను, మౌనమును ఎంతసేపు పట్టవలెను అను వివేకము పాతదే.

ఆయనకు ఇంగ్లీషు రాకయే ఇది జరిగెనని మేము చెప్పుట లేదు. ఆరేడేండ్ల వయస్సునుండి అమెరికాలో పెరిగినవానికి వీధిలో ఆ భాషయే వినబడును. ఒక్క నటుని జీవితము చూపి సిద్ధాంతమును స్థాపించితిమనియు అనుకొనము. తల్లిభాషలో గడపిన కాలము ఆయనకు నష్టము గాలేదనియు, మూలధనమైనదనియు మాత్రమే మనవి చేయుచున్నాము.

తరువాతి కథ లోకమెరిగినది. 1929లో ఫాక్స్ చిత్రసంస్థ ఆయనను పిలిచి, పొడవైన పేరు తొలగించి పాల్ ముని అని మార్చెను. తొలి చిత్రము 'ది వాలియంట్'. అందులోని నటనకే ఆస్కారు బహుమానమునకు ఆయన పేరు ప్రతిపాదింపబడెను. మరుచిత్రములో ఏడు వేషములు వేయించిరి. వేషములు మార్చు నేర్పరి అను ముద్ర తనకు ప్రీతి గాకపోవుటచే ఆయన న్యూయార్కు రంగస్థలమునకు మరలి వచ్చెను. 1931లో ఎల్మర్ రైస్ రచించిన 'కౌన్సెలర్ ఎట్ లా' నాటకమున బీద వలస కుటుంబమునుండి పైకి వచ్చిన యూదు న్యాయవాదిగా నటించి గొప్ప పేరు పొందెను.

1932లో వచ్చిన 'స్కార్‌ఫేస్' చిత్రమున ఇటలీ సంతతికి చెందిన క్రూర నేరగానిగా నటించెను. అదే యేట వచ్చిన 'ఐ యామ్ ఎ ఫ్యుజిటివ్ ఫ్రమ్ ఎ చెయిన్ గ్యాంగ్' చిత్రము వట్టి వినోదము గాదు. రాబర్ట్ ఇలియట్ బర్న్స్ అను మాజీ సైనికుడు 1922లో జార్జియా రాష్ట్రమున ఆరు డాలర్లకు లోపు సొమ్ము దోచిన నేరమున పాల్గొని, కాళ్లకు గొలుసులు వేసి చేయించు కఠినశిక్షకు గురియయ్యెను, రెండుసార్లు తప్పించుకొనెను, తన కథ తానే వ్రాసెను. చిత్రము తీయునపుడు అతడు రహస్యముగా హాలీవుడ్ వచ్చి సలహాలిచ్చెను. అతని నడక, మాట, భయము ముని దగ్గరనుండి గమనించెను. చిత్రము వెలువడిన పిమ్మట బర్న్స్ మరల పట్టుపడగా, అతనిని జార్జియాకు అప్పగించుటకు న్యూజెర్సీ గవర్నరు నిరాకరించెను. తుదకు 1945లో శిక్ష ముగిసినట్లు ప్రకటింపబడెను. గొలుసుల శిక్షలపై దేశమున కలిగిన నిరసనలో ఈ చిత్రమునకును భాగము కలదు.

పిదప ఆయన మహాపురుషుల జీవితములవైపు తిరిగెను. శాస్త్రజ్ఞుని జీవితము ఎవరు చూతురని వార్నరు సంస్థవారు సందేహించిరి. సూక్ష్మజీవులను గూర్చి పరిశోధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాస్చరు పాత్రకు 1936వ సంవత్సరపు ఉత్తమ నటుడుగా ఆస్కారు బహుమానము మునికే వచ్చెను. 1937లో 'ది లైఫ్ ఆఫ్ ఎమిల్ జోలా' వెలువడి ఆ యేటి ఉత్తమ చిత్రమయ్యెను. ఒక పాత్రకు పూనుకొనినచో ఆ వ్యక్తిని గూర్చి దొరికిన గ్రంథములన్నియు చదువుట, సంభాషణలను యంత్రముపై ముద్రించి తన గొంతు తానే విని దిద్దుకొనుట ఆయన పద్ధతి. పరీక్షకు ముందురోజు మాత్రమే పుస్తకము తెరచు మన బిడ్డలకు ఈ ముచ్చట ఇంట చెప్పుడు.

1939లో మెక్సికో అధ్యక్షుడు బెనీతో హువారెస్ పాత్ర ధరించుటకు ముందు ముని ఆ దేశమునకు పోయి వచ్చెను. ఈ హువారెస్ కథ మనము ప్రత్యేకముగా వినదగినది. ఆయన సపోటెక్ అను ఆదిమజాతి బాలుడు. పన్నెండేండ్లు వచ్చువరకు తన జాతి భాష తప్ప స్పానిషు ఎరుగడు. ఆ వయస్సున పల్లె విడచి ఒవహాకా నగరమునకు కాలినడకను పోయి, ఆ భాష నేర్చి, న్యాయవాదియై, దేశాధ్యక్షుడయ్యెను. యిద్దిష్ బిడ్డయైన నటుడు సపోటెక్ బిడ్డయైన అధ్యక్షుని పాత్రను ఇంగ్లీషులో ధరించుటలో ఒక విశేషము కలదు గదా!

ఇంతవరకు వెలుగు చెప్పితిమి. నీడను దాచుట ఉపాధ్యాయునకు ధర్మము గాదు.

జోలా చిత్రపు కథలో డ్రైఫస్ అను సైనికాధికారిపై రాజద్రోహపు అభాండము వేయుట ముఖ్యఘట్టము. 1894లో నిజముగా జరిగిన ఆ అన్యాయమునకు మూలకారణము అతడు యూదుడగుటయే. కాని చిత్రమంతటను ఆ పదమును ఎవరును నోట పలుకరు. ఒక కాగితముపై క్షణకాలము కనిపించి మాయమగును. ప్రధాన నటుడు యూదుడు. నిర్మించిన వార్నరు సోదరులు యూదులు. ఐనను ఆ మాట పలుకుటకు జంకిరి. అదే 1937లో వచ్చిన 'ది గుడ్ ఎర్త్' చిత్రమున ముని చైనా రైతుగా నటించెను. చైనా సంతతికి చెందిన అన్నా మే వాంగ్ అను ప్రసిద్ధ నటి హాలీవుడ్‌లోనే యుండగా ప్రధాన స్త్రీపాత్ర ఆమెకు దక్కక ఐరోపా నటికి దక్కెను. రంగు పులుముకొని పరజాతివారి వేషము కట్టు ఆ పద్ధతిని నేటి విమర్శకులు తప్పుబట్టుచున్నారు, అది న్యాయమే. తన జాతి పేరు పలుకలేని నటుడు ఇతర జాతుల వేషములన్నియు వేసెను. తెరపై పెద్దవాడగుటకు ఆ కాలమున చెల్లింపవలసిన వెల అది.

చిత్రములలో కీర్తి శిఖరమున నుండగనే ఆయన వార్నరు సంస్థను విడచి, వీలైనప్పుడెల్ల రంగస్థలమునకు పోవుచుండెను. 1946లో 'ఎ ఫ్లాగ్ ఈజ్ బోర్న్' అను నాటకమున యిద్దిష్ రంగపు నటి సీలియా ఆడ్లరుతో కలసి నటించెను. అందులో ఒక యువకుని పాత్ర ధరించిన ఇరువది రెండేండ్ల మార్లన్ బ్రాండో తరువాతి కాలమున జగత్ప్రసిద్ధుడయ్యెను. తాను చూచిన నటనలో మునిదే అత్యుత్తమమని బ్రాండో తన ఆత్మకథలో వ్రాసికొనెను. 1949లో లండనులో ఆర్థర్ మిల్లరు రచించిన 'డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్' నాటకమున ముని ప్రధానపాత్ర ధరించెను.

1955 ఏప్రిలులో న్యూయార్కున 'ఇన్‌హెరిట్ ది విండ్' ప్రారంభమయ్యెను. పరిణామ సిద్ధాంతమును బోధించిన ఒక ఉపాధ్యాయునిపై 1925లో జరిగిన విచారణ ఈ నాటకమునకు ఆధారము. ఆ ఉపాధ్యాయుని పక్షమున వాదించు న్యాయవాది పాత్ర మునిది. నాటకము జయప్రదముగా సాగుచుండగా ఆయన ఎడమకంటిలో కంతి యేర్పడెను. కన్ను తొలగింపక తప్పలేదు. ఆరు పదుల వయస్సున ఒంటికన్నుతో ఇక విశ్రాంతి తీసికొనునని అందరు అనుకొనిరి. కాని అదే యేడు డిసెంబరులో ఆయన మరల వచ్చి తన పాత్రను తాను చేపట్టెను. ఆ పాత్రకు రంగస్థల నటులకు ఇచ్చు టోనీ బహుమానము లభించెను.

1959లో వచ్చిన 'ది లాస్ట్ యాంగ్రీ మ్యాన్' ఆయన చివరి చలనచిత్రము. బ్రూక్లిన్‌లోని పేదల వాడలో వైద్యము చేయు సామ్ ఏబెల్‌మన్ అను వృద్ధ యూదు వైద్యుని పాత్ర అది. పన్నెండవ యేట అంటించుకొన్న ముడుతలు ఇప్పుడు నిజముగా వచ్చినవి. ఆ పాత్రకు మరల ఆస్కారునకు ఆయన పేరు ప్రతిపాదింపబడెను. 1967 ఆగస్టు 25వ తేదీన కాలిఫోర్నియాలో ఆయన మరణించెను.

నటుని కథ ఇచట ముగిసినది. ఆయనను తయారుచేసిన నాటకశాలల కథ ఇంకొకటి కలదు. మేము ఈ సభకు వచ్చినది దానిని చెప్పుటకే.

1924లో అమెరికా ప్రభుత్వము వలసలను బిగించి చట్టము చేసెను. తూర్పు ఐరోపానుండి క్రొత్త ప్రేక్షకులు వచ్చుట తగ్గిపోయెను. ముందు వచ్చినవారి బిడ్డలు ఇంగ్లీషు బడులలో చదివి, ఇంగ్లీషు నాటకములకు పోయిరి. తల్లిదండ్రులు యిద్దిష్‌లో అడిగినచో బిడ్డలు ఇంగ్లీషులో బదులు చెప్పు ఇండ్లు ఏర్పడెను. ఐరోపాలోని యూదులను హిట్లరు ప్రభుత్వము 60 లక్షల మందిని హతమార్చుటచే ఆ భాష పుట్టిన ఊళ్లే శూన్యమయ్యెను. లెంబర్గులోని యూదుల గతియు అంతే. మునికి తొలి కీర్తి నిచ్చిన యిద్దిష్ ఆర్ట్ థియేటరు 1950లో మూతపడెను. 1915లో ఆరంభమైన ఫోక్స్‌బీన్ అను సంస్థ మాత్రము దీక్షతో నేటికిని యిద్దిష్ నాటకములు ఆడుచున్నది. ఐనను రెండవ అవెన్యూ పూర్వవైభవము మరల రాలేదు.

ఆ నాటకశాలలు మూతపడినది మంచి నటులు లేకపోవుటచే మాత్రము గాదు. నటులుండిరి, నాటకములుండెను. బల్లలపై కూర్చుండువారు తగ్గిరి.

ఈ పాఠశాలలో బిడ్డను చేర్చుటకు వచ్చిన తల్లిదండ్రులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. 'మాస్టారూ, తెలుగులో చదివితే మావాడు రేపు వెనుకబడిపోడు గదా?' అని. ఆ భయమును మేము చిన్నచూపు చూడము. మనమున్న రాష్ట్రపు భాష రావలెను, ఇంగ్లీషు రావలెను, ఉద్యోగము రావలెను. అవి వచ్చునట్లు చెప్పుట మా బాధ్యత. ఆ రెండు భాషలును శ్రద్ధగా నేర్పని తెలుగుబడి తెలుగునకే అపకారము చేసినదగును. కాని ఆలోచన, జ్ఞాపకశక్తి, ప్రశ్నించు గుణము, లెక్కలోని తర్కము, ఎదుటివాని మనస్సు గ్రహించు శక్తి, ఇవి బిడ్డకు బాగుగా తెలిసిన భాషలో తొందరగా కుదురుకొనును. ఆ పైన వాచికమును మార్చుకొనుట కష్టమే గాని అసాధ్యము గాదు. పునాది లేనివానికి ఏ భాషలోనైనను పలుకు నిలువదు.

మా భయము వేరు. మన బిడ్డలు పైకి రారని గాదు, వచ్చెదరు. మొదటి తరగతిలో ఏటేట కొన్ని బల్లలు ఖాళీ యగుచున్నవి. పైకి వచ్చినవారు తమ బిడ్డలను మరల ఈ బల్లలపై కూర్చుండబెట్టుట లేదు. ఇటులే సాగినచో కొన్నేండ్లకు మన పూర్వవిద్యార్థుల ఘనతను చెప్పుకొనుటకు సభ జరుగును గాని, ఆ సభ జరుపుటకు బడి యుండదు. ముని వంటివాడు ఒక్కడు పైకి వచ్చుటకు వేలమంది టిక్కెట్టు కొని కూర్చుండవలసి వచ్చెను. మన పాఠశాలకు ఆ ప్రేక్షకులు మీరే.

మీనుండి మేము కోరునది పెద్దది గాదు. ఇంటిలో బిడ్డ తెలుగున ప్రశ్న వేసినచో తెలుగుననే బదులు చెప్పుడు. రాత్రి భోజనముల వేళ ఒక్క పుట బిడ్డచే చదివించి వినుడు. రెండవ బిడ్డను చేర్చు సమయము వచ్చినపుడు ఒకసారి వచ్చి మాతో మాటలాడి పిమ్మట నిర్ణయింపుడు.

మరియొక మనవి. ఈ సాయంకాలము ఐదవ తరగతి బాలబాలికలు చిన్న నాటిక ప్రదర్శింతురు. అందొకడు గడ్డము కట్టుకొని తాతయ్య వేషము వేయుచున్నాడు. గడ్డము జారినచో నవ్వవలదు. మీ బిడ్డ పాత్ర ముగియగనే లేచి పోవక, కడపటి బాలుడు నమస్కరించువరకు బల్లలపై కూర్చుండుడు.

సెలవు.